కాగితం మీది తొమ్మిది ముక్కలు

మాంట్రియల్, కొలోనియల్ వీధి
1949 నవంబరు 23, బుధవారం

నూట ఇరవై ఏళ్లూ బతకాల్సిన నా ఫైవల్‌కి,

నీ ఉత్తరం సోమవారం అందింది. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. రెండోసారి అర్థం కోసం చదివాను. తర్వాత ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. నా రాత చూసి కూడా నవ్వకు. మా మైదానాల ఊళ్లో బడి మంచు కురిసే నెలల్లోనే నడిచేది. నేను వెళ్లింది మూడు చలికాలాలు. మిగతా కాలమంతా బాతులు కాశాను.

ఆ క్షయ ఆస్పత్రిలో రోజుకి ఆరు గ్లాసుల పాలు తాగిస్తున్నారని, పాలకీ పాలకీ మధ్య మాంసం దూరే సందు లేదని రాశావు. మాంసం తింటే ఆరు గంటలు ఆగనిదే మన యూదులం పాలు ముట్టం. ఇంక నీకేం పంపను? అందుకేగా, ప్రతి బుధవారం నువ్వు పొగబెట్టిన మాంసం కోసే జెలిక్ కొట్టుకి వెళ్లి నీ బదులు నన్ను తినమన్నావు. తిన్నది తిన్నట్టు రాస్తే నువ్వు తిన్నట్టేనన్నావు.

ఇవాళ వెళ్లాను.

పెళ్లయిన ఏడు నెలల్లో నేను ఆ కొట్టు లోపలికి వెళ్లింది లేదు. నువ్వే పని అయ్యాక ఆ మాంసం రొట్టెలో పెట్టి, తెల్ల కాగితంలో చుట్టి, కోటు లోపల గుండెకి ఆనించుకుని తెచ్చేవాడివి. మెట్ల మీద నీ అడుగుల కన్నా ముందు ఆ వాసన పైకి వచ్చేది. ఇవాళ ఆ వాసన పుట్టిన చోటికే వెళ్లాను. అద్దానికి ఆవిరి పట్టి ఉంది. లోపలి మనుషులు నీళ్లడుగున కదులుతున్నట్టున్నారు. కిటికీలో మిరియాలు, ధనియాలు అంటించుకున్న రొమ్ము మాంసాలు నల్లగా, వాన వెలిసిన తర్వాతి దుక్కిమట్టిలా మెరుస్తున్నాయి.

నన్ను మూల బల్ల దగ్గర ఒక్కదాన్నే కూచోబెట్టారు. వడ్డించే మోట్కే వచ్చి, వంగి, "అమ్మగారికి ఏం తెమ్మంటారు?" అని అడిగాడు. కొవ్వు మరీ ఎక్కువా, మరీ తక్కువా కాని మధ్యరకం అన్నాను, నువ్వు చెప్పినట్టే. కొవ్వు నాలుక మీద కరిగింది. మొదట పొగ, తర్వాత వెల్లుల్లి, ఆఖర్న ఎక్కడో మిరియం. మా నాన్న బాతుమాంసం పొగబెట్టే గుడిసెలో చిన్నప్పుడు నిద్రపోయేదాన్ని. కళ్లు మూసుకుంటే అక్కడే ఉన్నట్టుంది.

పాలు మానకు. దుప్పటి చెవులదాకా లాక్కో.

నీ బ్రైనా

*

సెంట్ అగాథ్, కొండ మీంచి
నవంబరు 28

నా చిన్న బాతుకి,

నీ ఉత్తరం బాల్కనీలో చదివాను. చల్లగాలే మందని మమ్మల్ని ఇక్కడ బొంత సంచుల్లో కుక్కి, మంచాలతో సహా చలిలోకి తోస్తారు. ముక్కు ఒక్కటే బయట. పన్నెండు మందిమి వరసగా, ఉప్పు పీపాలో పేర్చిన మాంసాల్లా పడుకుంటాం. రోజుకోసారి నర్సు వచ్చి మమ్మల్ని అటు తిప్పి ఇటు పడుకోబెట్టినప్పుడు, పీపాలో మాంసాన్ని నేను ఇలాగే తిప్పేవాణ్ణి కదా అనుకుంటాను. పది రోజులు ఉప్పులో, ఒక రాత్రి పొగలో, తర్వాత ఆవిరిలో. నాకు ఎన్ని నెలలో డాక్టరుకే తెలియాలి. వసంతంలో వచ్చే పస్కా పండగ దాకా అంటున్నాడు. ఊపిరితిత్తిలోని గాయం ఇప్పుడిప్పుడే మూసుకుంటోందట. ముందే దిగిపోతే మళ్లీ తెరుచుకుంటుందట, ఆ తర్వాత దాన్ని మూయడం ఆయన చేతిలో లేదట.

నువ్వు రాసింది చదువుతుంటే ఎదురుగా దేవదారు చెట్ల మీది మంచులోంచి పొగ లేచింది. ఆ కొండ మొత్తం ఆవిరి పెట్టె అయింది. మూత తీసి, పెద్ద ముక్క ఫోర్కుతో పైకెత్తాను. చెయ్యి బొంత లోపలే ఉంది, కానీ బరువు తెలిసింది. పొగ, వెల్లుల్లి, ఆఖర్న మిరియం. అవును, అదే వరస. నీ నాలుక నిజం చెబుతుంది.

ఒక్క సంగతి మాత్రం మింగుడుపడలేదు. మూల బల్ల దగ్గర ఒక్కదానివేనా? బుధవారం మధ్యాహ్నమా? ఆ కొట్టులో మోచెయ్యి తగలకుండా ఎవరూ తిన్నది లేదు. అపరిచితుల మధ్య ఇరికిస్తే తప్ప జెలిక్‌కి తోచదు. ఇక మోట్కే వంగాడా? పదిహేనేళ్లుగా వాడు మనిషన్నవాడికి మర్యాద చేసిన పాపాన పోలేదు. వాడికి ఒంట్లో బాగాలేదా?

ఈసారి ముక్కలు ఎలా ఉన్నాయో సరిగ్గా చూసి రాయి. నా చోట ఎవరు కోస్తున్నారో కూడా. ఆ రెండూ తెలిస్తే నాకు నిద్రపడుతుంది.

నీ ఫైవల్

*

మాంట్రియల్
డిసెంబరు 7, బుధవారం

నూట ఇరవై ఏళ్లూ బతకాల్సిన నా ఫైవల్‌కి,

పోయిన బుధవారం జలుబు చేసి వెళ్లలేకపోయాను. ఇవాళ వెళ్లాను. వీధిలో మంచు చాలా పడింది. ట్రాము పట్టాలు కనపడక, బండి గాలిలో తేలుతూ వచ్చినట్టుంది.

మోట్కేకి ఒంట్లో బాగానే ఉంది. ఇవాళ కూడా మర్యాదగానే మాట్లాడాడు. నేను వెళ్లేటప్పుడు తలుపు తీసి పట్టుకుని, "మళ్లీ దయచేయండి" అన్నాడు. కొట్టు ప్రశాంతంగా ఉంది. ఎవరూ అరవడం లేదు. అందరూ గుడిలో కూచున్నట్టు కూచున్నారు.

ముక్కల సంగతి అడిగావు కదా. నువ్వు బెంగపెట్టుకోకు. ఎంత బాగా కోశారో చెప్పలేను. అన్నీ ఒకే మందం, ఒకే కొలత. ప్రార్థన పుస్తకంలో ఆకుల్లా పల్చగా, ఒకదానిమీద ఒకటి అంచు తేడా లేకుండా ఉన్నాయి. వెలుతురుకి పట్టుకుంటే అవతలి దీపం కనపడింది. మా ఇంటికి చుట్టాలొస్తే మా నాన్న అలాగే కోసేవాడు. అలా కోసినవాణ్ణే పనివాడనేవారు. కోసింది ఎవరో మాత్రం కనపడలేదు. కోత లోపలెక్కడో జరుగుతోంది, మధ్యలో ఆవిరి.

చూశావా, అంతా సవ్యంగా ఉంది. నువ్వు నిశ్చింతగా నిద్రపో.

నీ బ్రైనా

*

సెంట్ అగాథ్
డిసెంబరు 12

బ్రైనా,

నా మంచికోసమే నువ్వు మెత్తగా రాశావని తెలుసు. కానీ నేను పదకొండేళ్లు ఆ బల్ల వెనక నిలబడ్డవాణ్ణి. రాసినదాన్నిబట్టి రాయనిది కూడా చూడగలను.

చేత్తో కోసిన ముక్క పల్చగా ఉండదు. పల్చగా కోస్తే ఆవిరి పట్టిన మాంసం పొడైపోతుంది. ఒకటి వేలంత లావు, ఒకటి దానిలో సగం, ఒకటి అంచున విరిగి ఉంటుంది. ప్రార్థన పుస్తకంలా కోసేది మనిషి కాదు, మిషను. దాన్ని లోపలి గదిలో పెట్టారన్నమాట. జెలిక్ బతికుండగా ఆ గడప దాటి మిషను రాదు. అంటే జెలిక్ కొట్టు అమ్మేశాడు. కొత్తవాళ్లు వచ్చారు. అందుకే మోట్కే ఉద్యోగం పోతుందని భయపడి వంగి దండాలు పెడుతున్నాడు. అందుకే జనం లేరు, నీకు మూల బల్ల ఒంటరిగా దొరికింది. అన్నీ అతికాయి. నువ్వు చెప్పలేకపోయావు, అంతే.

నా కత్తి ఏమైందో నువ్వు రాయలేదు. మా గురువు చేతిది. సానపట్టి సానపట్టి రెండు వేళ్ల వెడల్పుకి అరిగింది. మిషనున్న కొట్టులో దాన్ని దేనికి వాడతారు? పెట్టెల తాళ్లు కోయడానికి.

నిన్నటినుంచి నేను పాలు ముట్టలేదు. ఆదివారం పదకొండు గంటల రైలుకి దిగుతున్నాను. డాక్టరుకి చెప్పలేదు, చెబితే దిగనివ్వడు. చేతిలో ఈ కాస్త బలం ఉండగానే కత్తి తీసుకుని ఇంకో కొట్టు వెతుక్కోవాలి. పస్కా దాకా ఇక్కడ పడుకుంటే, లేచేసరికి కోసేవాడు అక్కర్లేని లోకం మిగులుతుంది.

సంచి సర్దుకున్నాను.

ఫైవల్

*

మాంట్రియల్
డిసెంబరు 14, బుధవారం సాయంత్రం

నూట ఇరవై ఏళ్లూ నువ్వు బతికే తీరాలి ఫైవల్,

సంచి విప్పెయ్యి. ముందు విప్పి, తర్వాత చదువు.

నేను అబద్ధాలు రాశాను. ఒకటి కాదు, రెండు ఉత్తరాలూ. కొట్టు అమ్మలేదు. మిషను లేదు. మూల బల్ల కూడా లేదు, ఆ మూలలో పీపాలున్నాయి. నేను అసలు లోపలికే వెళ్లలేదు.

వెళ్దామనే వెళ్లాను. మొదటి బుధవారం తలుపు పిడి మీద చెయ్యి వేశాను. లోపల అరుపులు వినపడ్డాయి. నా గొంతు నీకు తెలుసు కదా. రొట్టెల కొట్టులో కూడా వేలు చూపించి కొనుక్కునేదాన్ని. అంతమంది నావైపు చూస్తే నా మైదానాల యాస, నా అతుకుల కోటు అన్నీ వాళ్లకి కనపడతాయనిపించింది. పక్కకి జరిగి కిటికీ ముందు నిలబడ్డాను. కాళ్లు మొద్దుబారేదాకా నిలబడ్డాను. అద్దంలోంచి చూసింది చూసినట్టు రాశాను. రుచి నువ్వు కాగితంలో తెచ్చిన రోజులనుంచి తీసి రాశాను. మిగతాది, గొప్ప హోటలు ఎలా ఉంటుందని నేను కలగన్నానో అలా రాశాను. మర్యాదగా ఉంటే నీకు సంతోషం అనుకున్నాను. ముక్కలు పల్చగా, సమానంగా ఉంటే నీకు గర్వం అనుకున్నాను. జలుబు చేసిందన్న బుధవారం కూడా కిటికీ ముందే ఉన్నాను. ఆ రోజు కొత్త అబద్ధం తట్టలేదు.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. "పాలు ముట్టలేదు" అన్నచోట ఆగిపోయాను. తర్వాతి వాక్యాలు కోటు తొడుక్కుంటూ చదివాను.

ఈసారి పిడి తిప్పాను.

"తలుపు వెయ్యి! వీధంతా వెచ్చబెట్టడానికి వచ్చిన కోటీశ్వరుడి కూతురివా?" ఇది మోట్కే. నిజం మోట్కే. రెండు చేతుల మీద ఏడు పళ్లాలతో.

వేశాను.

"ఎంతమంది?"

ఒక వేలు చూపించాను.

"ఒక్కరా? లేక పైన దేవుణ్ణి చూపిస్తున్నావా? జరగండయ్యా, జరగండి! లైబిష్, నీ మోచేతులు ఇంట్లో పెట్టి రాకూడదూ?"

నన్ను ఇద్దరి మధ్యలో ఇరికించాడు. ఒక పక్క కోట్ల ఫ్యాక్టరీలో బట్ట కోసే మాస్టరు లైబిష్, చెవి మీద నీలం సుద్ద పెన్సిలుతో. ఇంకో పక్క కోళ్ల దుకాణంలో ఈకలు పీకే ఫ్రాదల్ అత్త, జుట్టులో ఇంకా రెండు ఈకలతో.

"ఏం కావాలి?"

మధ్యరకం అన్నాను. నాకే వినపడలేదు.

"ఏంటీ? ఎలుక అరిచినట్టుంది. జెలిక్, కొట్టులో ఎలుకలొచ్చాయి!"

"ఒరే మోట్కే, పిల్ల వణుకుతోంది కనపడటం లేదూ?" అంది ఫ్రాదల్ అత్త.

"వణకనీ అత్తా, ఒళ్లు వేడెక్కుతుంది."

అప్పుడు నీ సంచి గుర్తొచ్చింది. కట్టు బిగించి తలుపు పక్కన పెట్టి ఉంటావు.

"మధ్యరకం! కొవ్వుతో!" అని అరిచాను. ఫైవల్, కొట్టంతా నావైపు తిరిగింది. ఫోర్కులు ఆగాయి. నేను చచ్చిపోలేదు.

"హమ్మయ్య, నోరుంది" అని వెళ్లిపోయాడు మోట్కే.

పళ్లెం వచ్చింది. నేను రాసిందానికీ దానికీ ఏ పోలికా లేదు. ముక్కలు కుప్పగా, ఒకటి లావు, ఒకటి సన్నం, రొట్టెలో ఇమడక జారిపోతూ ఉన్నాయి. నువ్వు రాసినట్టే. కానీ నేను మళ్లీ మాటల్లో రాస్తే నువ్వెందుకు నమ్ముతావు? మోట్కేని ఒక తెల్ల కాగితం అడిగాను. రొట్టె విప్పి, ముక్కల్ని ఒక్కొక్కటీ కాగితం మీద పరిచి, అరచేత్తో నొక్కాను. చిన్నప్పుడు ఆకులు అలాగే అద్దేవాళ్లం.

"అమ్మాయ్, దాన్ని తింటున్నావా, పాతిపెడుతున్నావా?" అన్నాడు మోట్కే.

"మరక పడాలి. మా ఆయనకి పంపాలి."

"మీ ఆయన మరకలు తింటాడా?"

"కోసేది చెయ్యో మిషనో ఆయన చూడాలి. కొట్టు అమ్మేశారనుకుంటున్నాడు. నా వల్లే. ఆదివారం కొండ దిగి వచ్చేస్తానంటున్నాడు. ఆయన పేరు ఫైవల్."

మోట్కే చేతుల్లోని పళ్లాలు వడ్డించకుండానే మా బల్ల మీద పెట్టేశాడు. ఫ్రాదల్ అత్త తర్వాత చెప్పింది, పదిహేనేళ్లలో అది మొదటిసారట. వాడు వెనక్కి చూసి, "జెలిక్, ఇలా రా" అన్నాడు. చిన్నగా అన్నాడు.

జెలిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అంతా విని మొహం ఎర్రబడింది. "మిషనా? నా కొట్టులోనా? నేను పోయాక నా సమాధిరాయి కోసుకోమను ఆ మిషన్ని!" నన్ను చెయ్యి పట్టుకుని బల్ల వెనక్కి తీసుకెళ్లాడు. గోడకి మేకు, మేకుకి నూనెగుడ్డ చుట్టిన నీ కత్తి. విప్పి చూపించాడు. రెండు వేళ్ల వెడల్పే, నేను వేళ్లు పెట్టి చూశాను. ప్రతి శుక్రవారం తనే నూనె రాస్తాడట. ఇప్పుడు కోస్తున్నది ఆయన బావమరిది బెరిష్, వాడి సొంత కత్తితో.

"నా కోతకేం, బాగానే ఉంది కదా?" అన్నాడు బెరిష్.

"బాగానే ఉందా? నీ ముక్కలు తాడులా సాగుతుంటే జనం నన్ను తిడుతున్నారు. ఫైవల్ ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతున్నారు" అన్నాడు జెలిక్. నాతో ఇలా అన్నాడు, మాట పొల్లుపోకుండా రాస్తున్నాను: "వాడు ఆదివారం దిగితే ఈ కత్తి వాడికి ఇవ్వను. డాక్టరు కాగితం లేకుండా నా బల్ల దగ్గర దగ్గితే బయటికి గెంటుతాను. కాగితంతో వస్తే, అది ఏ పండగకైనా సరే, మేకు మీంచి తీసుకోవడమే."

తిరిగొచ్చేసరికి లైబిష్ మాస్టరు కాగితం మీద వంగి ఉన్నాడు. మరక ఎండితే అంచు తెలియదట. అందుకని ఒక్కో ముక్క చుట్టూ సుద్ద పెన్సిలుతో గీసి, నంబరు వేసి, కోటు కొలత గీసినట్టు గీస్తున్నాడు. "ఇది కాలరు. ఇది చెయ్యి. ఈ ఆరోది ఏమిటో నాకే తెలియదు, కుట్టినవాడు తాగి ఉన్నాడు." చుట్టూ ఎనిమిదిమంది మూగి సలహాలు చెప్పారు. మాంసం చల్లారిపోయింది. మోట్కే తిట్టుకుంటూ దాన్ని తీసేసి, వేడిది ఇంకో పళ్లెం తెచ్చి, "ఇది తిను. దీన్ని కూడా గీస్తే నిన్ను గీస్తా" అన్నాడు.

తిన్నాను. లోపలే, కూచుని. ఒక పక్క లైబిష్ మోచెయ్యి, ఒక పక్క ఫ్రాదల్ అత్త ఈకలు. ఉప్పునీళ్ల దోసకాయ, ఆవముద్ద, చెర్రీ సోడా. రుచి నీ కోటు లోపలనుంచి వచ్చినదే, కానీ ఇక్కడ దానికి అరుపులు కూడా ఉన్నాయి. మధ్యలో తలెత్తితే కిటికీ కనపడింది. ఈసారి ఆవిరి నా వైపు ఉంది. వీధి నీళ్లడుగున కదులుతోంది. నేను నిలబడే చోట మంచులో ఎవరో నిలబడ్డట్టే ఉంది, తలకి గుడ్డ కట్టుకుని. లోపలికి రా అని చెయ్యి ఊపాను. తర్వాత సిగ్గేసింది.

రేపు సాయంత్రం హనుకా పండగ మొదటి దీపం. రెండు చోట్ల వెలిగిద్దాం, నువ్వక్కడ, నేనిక్కడ. కాగితం ఇందులో పెట్టాను. జాగ్రత్తగా విప్పు. చూసి, నీకు తోచింది చెయ్యి. అబద్ధం చెప్పినదాన్ని, నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. కానీ ఆదివారం నేను స్టేషనుకి రాను.

నీ బ్రైనా

*

సెంట్ అగాథ్
డిసెంబరు 18, ఆదివారం

కొట్టంతా వినేలా అరిచిన నా బ్రైనాకి,

కాగితం శుక్రవారం వచ్చింది. పక్క మీద పరిచి, బోర్లా పడుకుని చూశాను. పక్క మంచాల వాళ్లు పటంలో ఏ దేశం అని అడిగారు.

చెయ్యే. మిషను కాదు. మొదటి మూడు ముక్కలకీ బెరిష్‌కి దండం పెట్టొచ్చు. నాలుగో దగ్గర పీచు దారి మారుతుంది, అక్కడ మాంసాన్ని తిప్పాలి. వాడు తిప్పలేదు. అందుకే నాలుగు, అయిదు, ఆరు తాళ్లలా సాగాయి. లైబిష్‌కి చెప్పు, ఆరోది కుట్టినవాడు తాగలేదు, బద్ధకించాడు. ఏడు, ఎనిమిదిలో కొవ్వు మరక ఒక పక్కకే ఉంది, అంటే కత్తి వాలింది. కాగితం తిరిగి పంపుతున్నాను. ఎటు తిప్పాలో ఒక్కో ముక్క మీదా బాణం గీశాను. బెరిష్‌కి చూపించు. కోపం తెచ్చుకుంటాడు, తెచ్చుకోనీ. ప్రతి బుధవారం కొత్త కాగితం పంపు. పస్కా లోపు వాణ్ణి మనిషిని చేద్దాం.

తొమ్మిదో ముక్క మూల కొరికి ఉంది. పళ్ల గుర్తు చాలా చిన్నది. లైబిష్‌వి అంత చిన్న పళ్లు కావు. పరిచేముందు ఆగలేకపోయావన్నమాట. ఆ మూల చాలాసేపు చూశాను.

రెండు రాత్రులు కాగితం దిండు కింద పెట్టుకున్నాను. కొండంతా పొగ వాసన. కలలో నువ్వు అద్దం అవతల ఉన్నావు, నేను ఇవతల కోస్తున్నాను. అద్దం మాత్రం లేదు.

ఇవాళ పొద్దున బాల్కనీలోకి తోశారు. మంచు పడుతోంది. కాగితం ముక్కుకి ఆనించుకుని పడుకున్నాను. పదకొండింటికి కింద లోయలో రైలు కూసింది. ఆ కూత చెట్లలో చాలా దూరం పోయింది. సంచి మంచం కింద ఉంది, ఖాళీగా.

అప్పుడే నర్సు గ్లాసుతో వచ్చింది. ఆవిడా మనవాళ్ల పిల్లే. "ఇంతసేపూ మాంసం వాసన పీల్చాను. పాలు తాగాలంటే ఆరు గంటలు ఆగాలేమో?" అని అడిగాను.

"ముక్కుకి ఆ నియమం లేదు. తాగు" అంది.

తాగాను.

నీ ఫైవల్